నీడా, ముసలితనమా? సోలార్ ప్యానెల్‌లో లోపాన్ని పట్టుకుని లెక్కలో పెట్టడం ఎలా

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద 285 వాట్లని ఉంటుంది. ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం కొలిస్తే 203 వాట్లే కనిపిస్తాయి. 29 శాతం పోయిందని గుండె గుభేలుమంటుంది. ప్యానెల్ మార్చాలా, కడిగితే సరిపోతుందా, పక్కనున్న చెట్టు కొమ్మ నరికించాలా? ఈ మూడింటిలో ఏది చేయాలో 203 అనే అంకె ఒక్కటే చెప్పలేదు. ఎంత పోయిందన్నది కాదు, ఎప్పుడు పోతోంది, కరెంటు-వోల్టేజీ కర్వ్‌లో ఏ చోట పోతోంది అన్నదే లోపం పేరు చెబుతుంది. ఈ పద్ధతంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఇన్వర్టర్ దాచుకున్న డేటా, ఒక స్ప్రెడ్‌షీట్, ఒక అట్టముక్క ఉంటే సగం పని అయిపోతుంది.

ముందు జాగ్రత్త. ప్యానెళ్లు వరుసగా కలిపిన స్ట్రింగ్‌లో వందల వోల్టుల డీసీ ఉంటుంది. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే ఆర్క్ లేస్తుంది. ఏసీలో కరెంటు క్షణక్షణం సున్నాకి వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోయే వీలుంది. డీసీలో ఆ సున్నా రాదు, మంట నిలబడిపోతుంది. ఏదైనా ఊడదీయాలంటే ముందు ఇన్వర్టర్ ఆపండి, తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల కరెంటును తెంచే స్విచ్) తిప్పండి, క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అయిందని కళ్లారా చూసుకోండి. అద్దం పగిలిన ప్యానెల్‌ని, తడిసిన ప్యానెల్‌ని ముట్టుకోవద్దు.

మొదటి అడుగు: ఈ ఎండకి ఎంత రావాలో తేల్చుకోండి

స్టిక్కర్ మీది అంకె ప్రయోగశాలది. చదరపు మీటరుకి 1000 వాట్ల ఎండ, సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట అది. ఆరుబయట ఎండలో సెల్ 25 డిగ్రీల దగ్గర ఉండదు. సెల్ ఎంత వేడెక్కుతుందో తెలుసుకోవడానికి డేటాషీట్‌లో నాక్ట్ అనే అంకె ఉంటుంది, సాధారణంగా 45 డిగ్రీల దగ్గర. అందులోంచి 20 తీసేసి, 800తో భాగించి, అప్పటి ఎండ తీవ్రతతో గుణించి, గాలి ఉష్ణోగ్రతకి కలపాలి.

గాలి 32 డిగ్రీలు, ఎండ 900 అనుకుందాం. 25ని 800తో భాగించి 900తో గుణిస్తే 28. సెల్ వేడి 60 డిగ్రీలు. అంటే ప్రయోగశాల కంటే 35 డిగ్రీలు ఎక్కువ. స్ఫటిక సిలికాన్ ప్యానెల్ డిగ్రీకి 0.3 నుంచి 0.5 శాతం దాకా పవర్ కోల్పోతుంది. 0.4 వేసుకుంటే 14 శాతం వేడికే పోయింది. 285ని 0.9తో, 0.86తో గుణించండి: 220 వాట్లు. మీకు వస్తున్నది 203. అసలు లోటు 29 శాతం కాదు, 8 శాతం. మిగతాదంతా ఎండా వేడీ తీసుకున్న న్యాయమైన వాటా.

ఆ 8 శాతాన్నే మనం వెంటాడాలి. ఇకమీద ప్రతి కొలతకీ, వచ్చిన పవర్‌ని రావాల్సిన పవర్‌తో భాగించి ఆ నిష్పత్తినే చూడండి. వాట్లను చూడటం మానేయండి.

ఎండ తీవ్రత కొలిచే సెన్సర్ విషయంలో ఒక మెలిక ఉంది. సెన్సర్ కూడా ప్యానెళ్ల పక్కనే ఉంటుంది, ప్యానెళ్లతో పాటే దుమ్ము పడుతుంది. రెండూ కలిసి మురికైతే నిష్పత్తి ఒకటి దగ్గరే నిలబడి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ప్యానెల్ సంగతి తర్వాత, ముందు సెన్సర్ తుడవండి.

రెండో అడుగు: రోజులు ఒకవైపు, గంటలు ఒకవైపు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరికరం ఇది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో అడ్డువరుస ఒక్కో తేదీ, ఒక్కో నిలువువరుస పావుగంట. గడిలో ఆ సమయానికి వచ్చిన నిష్పత్తి. తక్కువైన గడికి ఎరుపు, సరిపోయిన గడికి ఆకుపచ్చ పడేలా రంగులు పెట్టండి. ఏడాది డేటా పోయగానే బొమ్మ తేలుతుంది.

నీడ ఉంటే వంపు తిరిగిన ఎర్రటి పట్టీ వస్తుంది. రోజూ దాదాపు అదే వేళకి మొదలై, వారాలు గడిచేకొద్దీ కొన్ని నిమిషాల చొప్పున జరుగుతూ పోతుంది. దుమ్ము రంపపు పళ్లలా ఉంటుంది: రోజంతా ఒకే రంగు కొద్దికొద్దిగా ముదురుతూ, వానో కడుగుడో పడగానే ఒక్కసారిగా పచ్చబడుతుంది. బైపాస్ డయోడ్ (పనిచేయని సెల్స్ గుంపుని తప్పించి కరెంటుని పక్కదారిన పంపే భాగం) పోతే ఒక తేదీ నుంచి గీత గీసినట్టు మారిపోయి, ఇక వెనక్కి రాదు. వదులైన కనెక్టర్ ఒకనాడు బాగుంటుంది, ఒకనాడు ఉండదు, చాలాసార్లు వేడెక్కిన వేళల్లోనే తేడా చేస్తుంది. మధ్యాహ్నాలు పైభాగం చదునుగా కోసినట్టుంటే అది ప్యానెల్ లోపమే కాదు, ఇన్వర్టర్ సామర్థ్యం నిండిపోయింది. ముసలితనం మాత్రం ఒక ఏడాది బొమ్మలో కంటికి ఆనదు.

నీడేనా అని గట్టిగా తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఏప్రిల్ 21, ఆగస్టు 21 తేదీలు జూన్ 21కి చెరో రెండు నెలల దూరం. ఆ రెండు రోజులూ సూర్యుడు ఆకాశంలో దాదాపు ఒకే దారిన నడుస్తాడు. కాబట్టి గోడ, స్తంభం, ట్యాంకు లాంటి కదలని అడ్డు ఉంటే రెండు రోజుల్లోనూ ఎరుపు ఒకే వేళకి రావాలి, గడియారంలో నాలుగైదు నిమిషాల తేడాతో. ఏప్రిల్‌లో లేకుండా ఆగస్టులో మాత్రమే ఉంటే ఆ మధ్యలో ఏదో మొలిచింది: చెట్టు పెరిగింది, లేదా ఎవరో ఏదో కట్టారు.

ఒకచోట ప్యానెళ్లకి వయసైపోయిందని ఇద్దరు తేల్చేశాక డేటా నా దగ్గరికి వచ్చింది. బొమ్మ వేస్తే మూడున్నర నుంచి నాలుగుంపావు మధ్య సన్నటి ఏటవాలు గీత. ఆ వేళకి వెళ్లి నిలబడి చూస్తే వేలి మందం ఉన్న యాంటెన్నా కడ్డీ నీడ మూడు ప్యానెళ్ల మీదుగా గడియారం ముల్లులా నడుస్తోంది. కడ్డీ జరిపారు, గీత పోయింది. సన్నటి వస్తువు నీడకి ఒక హద్దు ఉందని గుర్తుంచుకోండి. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి వస్తువు మందానికి వంద రెట్లు దాటిన దూరంలో చిక్కటి నీడ మిగలదు. సెంటీమీటరు మందం కడ్డీ ఒక మీటరు దాటితే మసక నీడే ఇస్తుంది. దగ్గరున్న సన్నటి తీగ, దూరంగా ఉన్న లావు కొమ్మంత చేటు చేయగలదు.

మూడో అడుగు: మబ్బు రోజుని సాక్షిగా పిలవండి

మబ్బు పట్టినప్పుడు వెలుగు ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది, నీడకి అంచే ఉండదు. ఎండ రోజు కనిపించిన లోటు మబ్బు రోజు మాయమైతే అది సాధారణంగా నీడే. మబ్బులోనూ అంతే లోటు ఉంటే దుమ్ము గానీ, కాలిన డయోడ్ గానీ, అద్దం కింద పసుపెక్కిన పొర గానీ అయివుండాలి.

మబ్బులో లోటు ఇంకా పెరిగితే? అప్పుడు అనుమానం షంట్ రెసిస్టెన్స్ మీదికి వెళ్తుంది, అంటే సెల్ లోపల కరెంటు దొంగదారిన కారిపోతోందని. సెల్‌కి షంట్ 1 ఓమ్‌కి పడిపోయిందనుకోండి. అర వోల్టు దగ్గర అర ఆంపియరు కారిపోతుంది. నిండు ఎండలో 9 ఆంపియర్లలో అది 6 శాతం లోపే. ఎండ 200కి తగ్గి 1.8 ఆంపియర్లే వస్తున్నప్పుడు అదే అర ఆంపియరు నాలుగో వంతుకు పైన. స్ట్రింగ్ వోల్టేజీ వల్ల వచ్చే పిఐడి అనే క్షీణత ఇలాగే బయటపడుతుంది, అదీ ఎక్కువగా స్ట్రింగ్‌లో మైనస్ కొసన ఉన్న ప్యానెళ్లలో. దీన్ని పట్టుకుంటే లాభం ఉంది, ఎందుకంటే పిఐడి చాలావరకు వెనక్కి వస్తుంది. రాత్రిళ్లు ఎదురు వోల్టేజీ ఇచ్చే పరికరాలు అందుకే ఉన్నాయి.

సిరీస్ రెసిస్టెన్స్, అంటే కరెంటు బయటికి వెళ్లే దారిలోనే ఎదురయ్యే అడ్డు, దీనికి సరిగ్గా తలకిందులు. టంకం ఊడినా, రిబ్బన్ తుప్పు పట్టినా నష్టం కరెంటుతో పాటు పెరుగుతుంది. సెల్‌కి 3 మిల్లీ ఓమ్‌లు పెరిగితే నిండు ఎండలో 5 శాతం పోతుంది, 200 ఎండలో 1 శాతమే. కాబట్టి ఎండ తీవ్రత అడ్డంగా, నిష్పత్తి నిలువుగా పెట్టి చుక్కలు వేయండి. కుడికి వాలితే సిరీస్, ఎడమకి వాలితే షంట్, సమంగా ఉంటే పైన చెప్పిన దుమ్ము, డయోడ్, పసుపు.

నాలుగో అడుగు: అట్టముక్కతో ప్యానెల్ దగ్గరికి

60 సెల్స్ ప్యానెల్‌ని ఎదురుగా నిలబడి చూడండి. నిలువుగా ఆరు వరుసలు, వరుసకి పది సెల్స్. రెండేసి వరుసలు ఒక గుంపు, గుంపుకొక బైపాస్ డయోడ్. ఇటుకలు చేతులు మార్చుకుంటూ అందించే మనుషుల వరుసని ఊహించుకోండి. ఒకడు నెమ్మదిస్తే అందరూ నెమ్మదిస్తారు. సెల్స్ అంతే. డయోడ్ చేసేది ఆ ఇరవై మందినీ తప్పించి ఇటుకల్ని పక్కదారిన పంపడం.

స్ట్రింగ్ నడుస్తుండగా ఇన్వర్టర్ తెర మీద డీసీ వోల్టేజీ ఒకరు చూస్తూ ఉండండి. ఇంకొకరు ఎడమ రెండు వరుసల్లో ఒక సెల్‌ని అట్టతో పూర్తిగా కప్పండి. వోల్టేజీ దాదాపు పది వోల్టులు తగ్గాలి, తీస్తే తిరిగి రావాలి. మధ్య రెండు వరుసల్లో ఒకసారి, కుడి రెండింటిలో ఒకసారి. హాఫ్-కట్ ప్యానెల్ (సెల్స్‌ని సగానికి కోసి చేసింది) అయితే పై సగంలో ఒక సెల్, కింది సగంలో ఒక సెల్ రెండూ కప్పాలి. ఒక గుంపుని కప్పినా వోల్టేజీ కదలకపోతే ఆ గుంపు ముందే చచ్చిపోయి ఉంది, మీరు కప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. వోల్టేజీకి బదులు స్ట్రింగ్ కరెంటే కుప్పకూలితే డయోడ్ తెగిపోయింది, వెంటనే అట్ట తీసేయండి. కప్పిన సెల్ మీద మిగతా స్ట్రింగంతా విరుచుకుపడుతుంది. ఏ సెల్‌నైనా కొద్ది సెకన్లకు మించి కప్పి ఉంచవద్దు.

థర్మల్ కెమెరా దొరికితే ఎండ 600 దాటినప్పుడే వాడండి, ప్యానెల్‌కి వీలైనంత ఎదురుగా నిలబడండి. ఏటవాలుగా చూస్తే అద్దంలో ఆకాశం కనబడి మోసం చేస్తుంది. ఒక సెల్ మాత్రమే నిప్పు కణికలా ఉంటే పగులు లేదా నీడ. మూడో వంతు ప్యానెల్ మొత్తం కొద్ది డిగ్రీలు వేడిగా ఉంటే ఆ గుంపు బైపాస్‌లో ఉంది, కరెంటుగా బయటికి వెళ్లాల్సిన శక్తి అక్కడే వేడిగా మిగిలిపోతోంది. ప్యానెల్ మొత్తం పక్కవాటికన్నా వెచ్చగా ఉంటే అసలు కనెక్షనే లేదేమో చూడండి.

ఐ-వి కర్వ్ ట్రేసర్ (కరెంటు-వోల్టేజీ గీత గీసే పరికరం) ఉంటే ఇదంతా ఒక్క గీతలో కనిపిస్తుంది. మధ్యలో మెట్టు ఉంటే నీడ లేదా పొంతన కుదరని సెల్స్. ఎడమవైపు చదునుగా ఉండాల్సిన భాగం వాలితే షంట్. కుడివైపు నిట్టనిలువుగా దిగాల్సింది ఏటవాలైతే సిరీస్. ఆకారం చెదరకుండా కర్వ్ మొత్తం కిందికి జారితే దుమ్ము. వోల్టేజీ సరిగ్గా మూడో వంతు తగ్గితే షార్ట్ అయిన డయోడ్.

అయిదో అడుగు: లోపాన్ని లెక్కలో కట్టండి

పట్టుకున్న లోపం నిజంగా అదేనా అని తేలాలంటే, దాన్ని కాగితం మీద సృష్టించి మీ కొలతతో సరిపోతుందో చూడాలి. సెల్‌నే ఒక డయోడ్‌గా చూసే సింగిల్ డయోడ్ మోడల్‌లో అయిదే అంకెలు: వెలుగు పుట్టించే కరెంటు, డయోడ్ సంతృప్త కరెంటు, సెల్ ఆదర్శ డయోడ్‌కి ఎంత దగ్గరో చెప్పే ఐడియాలిటీ ఫ్యాక్టర్, సిరీస్, షంట్. షంట్ ఎక్కువగా ఉన్న మంచి సెల్‌కి దాన్ని పక్కనపెట్టి స్ప్రెడ్‌షీట్‌లోనే పని కానివ్వచ్చు.

సెల్స్ వరుసగా ఉన్నాయి, అన్నిట్లో పారేది ఒకే కరెంటు. కాబట్టి కరెంటుని ముందు ఎంచుకుని వోల్టేజీని కనుక్కోవాలి. తలకిందులుగా మొదలుపెట్టిన చాలామంది ఇక్కడే చిక్కుకుపోతారు. సూత్రం ఇది: వెలుగు కరెంటులోంచి ఎంచుకున్న కరెంటు తీసేయండి, సంతృప్త కరెంటుతో భాగించండి, ఒకటి కలపండి, దాని సహజ సంవర్గమానాన్ని ఐడియాలిటీతో, సెల్ వేడిని బట్టి ఉండే థర్మల్ వోల్టేజీతో గుణించండి. అందులోంచి కరెంటు, సిరీస్ రెసిస్టెన్స్‌ల లబ్ధం తీసేయండి. వచ్చింది సెల్ వోల్టేజీ.

వెలుగు కరెంటు 9.5 ఆంపియర్లు, సంతృప్త కరెంటు 1.4 నానో ఆంపియర్లు, ఐడియాలిటీ 1.1, థర్మల్ వోల్టేజీ 0.0257, సిరీస్ 0.003 ఓమ్‌లు వేయండి. 9 ఆంపియర్ల దగ్గర సెల్‌కి 0.53 వోల్టులు వస్తాయి. 60 సెల్స్‌కి 32 వోల్టుల దగ్గర, పవర్ 285 వాట్ల చుట్టూ. మన ప్యానెల్ కాగితం మీద తయారైంది.

ఇప్పుడు ఒక ఆకు ఒక్క సెల్‌లో సగం కప్పిందనుకోండి. ఆ సెల్ వెలుగు కరెంటు 4.75కి మార్చండి. ఎంచుకున్న కరెంటు అంతకన్నా ఎక్కువైతే ఆ గుంపు వోల్టేజీ మైనస్ 0.5 అని రాసుకోండి, డయోడ్ తెరుచుకుందన్నమాట. తక్కువైతే ఇరవై సెల్స్ వోల్టేజీలూ మామూలుగా కలపండి. మూడు గుంపులూ కలిపి పవర్ గీత గీస్తే ఒక కొండకి బదులు రెండు లేస్తాయి. 9 ఆంపియర్ల దగ్గర 186 వాట్లు, 4.6 ఆంపియర్ల దగ్గర 165 చిల్లర.

అదే ప్యానెల్ 12 ప్యానెళ్ల స్ట్రింగ్‌లో ఉంటే ఆకు వల్ల నష్టం 3 శాతమే. కానీ ఆరు ప్యానెళ్లలో ఒక్కో గుంపు మీద నీడ పడితే పెద్ద కొండ 2830 వాట్లు, చిన్న కొండ 2000 వాట్లు, మధ్యలో లోయ 70 వోల్టులకు పైగా వెడల్పు. ఎక్కువ పవర్ ఎక్కడుందో వెతికే ఇన్వర్టర్‌లోని ట్రాకర్ ఎక్కువ వోల్టేజీ వైపు నుంచి దిగుతూ వస్తే చిన్న కొండనే శిఖరం అనుకుని ఆగిపోగలదు. నీడ మింగింది 600 అయితే, ట్రాకర్ పొరపాటు ఇంకో 800 మింగుతుంది. కొన్ని ఇన్వర్టర్లలో నీడ కోసం గీతంతా వెతికే సెట్టింగ్ ఉంటుంది, ఆపి ఉందేమో చూడండి.

సగం నీడ సెల్‌కి ఏమవుతుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. గుంపులో మిగతా 19 సెల్స్ తలా 0.6 వోల్టులతో దాన్ని వెనక్కి నెడతాయి, డయోడ్ అర వోల్టు కలుపుకుని మొత్తం 12. ఆ 12 వోల్టుల కింద 4.75 ఆంపియర్లు పారితే అరచేతంత సెల్‌లో 57 వాట్ల వేడి పుడుతుంది. మామూలుగా ఆ సెల్ ఇచ్చేది 5 వాట్లు. అందుకే పూర్తి నీడకన్నా అరకొర నీడ ఎక్కువ ప్రమాదం. పక్షి రెట్టని తేలిగ్గా తీసుకోకండి.

వెనక్కి నెట్టినప్పుడు సెల్ ఎలా కరెంటు వదులుతుందో కూడా కావాలంటే 1988లో బిషప్ ఇచ్చిన అదనపు పదం కలుపుకోవాలి. పైథాన్ తెలిసినవారికి పీవీలిబ్ అనే ఉచిత లైబ్రరీలో అది సిద్ధంగా ఉంది. ముసలితనాన్ని మోడల్ చేయడం ఇంకా తేలిక: పసుపెక్కిన పొరకి వెలుగు కరెంటు తగ్గించండి, తుప్పుకి సిరీస్ పెంచండి, పిఐడికి షంట్‌ని లెక్కలోకి తెచ్చి తగ్గించండి. ఏది మారిస్తే మీ మూడో అడుగు వాలు వస్తుందో అదే మీ లోపం.

ఆరో అడుగు: వయసుని ఏళ్లతోనే కొలవండి

అమెరికాలోని జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాల (ఎన్‌ఆర్‌ఈఎల్) పరిశోధకులు సుమారు 2 వేల కొలతలు పోగుచేసి చూస్తే, ప్యానెళ్లు తగ్గే వేగంలో మధ్యస్థ విలువ ఏడాదికి 0.5 శాతం. మీ సెన్సర్‌లో 3 శాతం తేడా ఉంటే ఆరేళ్ల ముసలితనం అందులో దాక్కుంటుంది. మొదటి నెలతో చివరి నెలని పోల్చి తీర్పు చెప్పొద్దు. ప్రతి రోజునీ సరిగ్గా ఏడాది కిందటి అదే రోజుతో పోల్చండి, వందల తేడాలు వస్తాయి, వాటిలో మధ్యస్థ విలువ తీసుకోండి. రుతువులు వాటంతటవే కొట్టుకుపోతాయి. కనీసం రెండేళ్ల డేటా కావాలి, నాలుగైదేళ్లు ఉంటే నమ్మొచ్చు. ఆర్‌డీటూల్స్ అనే ఉచిత సాధనం ఇదే పని చేస్తుంది. కొత్త ప్యానెల్ మొదటిసారి ఎండ చూసినప్పుడు 1 నుంచి 3 శాతం తగ్గడం మామూలే, దాన్ని ఏటా తగ్గేదానిలో కలపకండి. నీడ పట్టీ పడిన గంటల్ని కూడా ముందే తీసేయండి. లేకపోతే చెట్టు పెరుగుదల ప్యానెల్ ముసలితనంగా లెక్కలోకి ఎక్కుతుంది.

నీడ తప్పించలేని చోట ప్యానెల్ తిప్పి చూడండి. ప్యానెల్ నిలువుగా ఉంటే కింది అంచున పడ్డ నీడ మూడు గుంపుల్నీ తాకుతుంది, అడ్డంగా పెడితే ఒక్క గుంపునే తాకుతుంది. అడ్డు ఎంత దూరం ఉండాలో లెక్క సులువు: ప్యానెల్ కన్నా ఎంత ఎత్తుందో దాన్ని సూర్యుడి ఎత్తు కోణం టాంజెంట్‌తో భాగించండి. 2 మీటర్ల గోడ నీడ సూర్యుడు 45 డిగ్రీల మీదున్నప్పుడు 2 మీటర్లు, 30 దగ్గర మూడున్నర, 20 దగ్గర అయిదున్నర.

మరమ్మతు ఏది చేసినా ఆ తేదీని స్ప్రెడ్‌షీట్‌లో గీత గీసి పెట్టుకోండి. నీడ తీశాక మరుసటి వారంలోనే ఎరుపు పోయిందని సంబరపడితే సరిపోదు, సూర్యుడు తిరిగి అదే దారికి వచ్చే తేదీన అదే పావుగంట గడి పచ్చగా ఉందేమో తెరిచి చూడండి.